రేడియో వడ్డన - కడబంతిలో అంతర్వేది

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదు" అని మన పెద్దలు అంటూ ఉంటారు. కోనసీమలో కడబంతి ఏదంటే అంతర్వేది పేరు చెప్పవచ్చు. సఖినేటిపల్లి దాటి ఇంకా దిగువకు పోగా, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు ఇది. నరసింహస్వామి గుడి, లైట్‌హౌసు, పల్లిపాలెంలో వేట బోట్లు ఆగే రేవు, అవి దాటితే ఇక నేల లేదు. కాలువ నీరైనా, బస్సయినా, కరెంటయినా పై ఊళ్లను చూసుకున్న తరువాతే ఇక్కడికి రావాలి.

గాలిలో వచ్చే రేడియో మాటకు మాత్రం ముందు బంతి, వెనుక బంతి అనే తేడా ఉండదని మనం అనుకుంటాం. నిజానికి అక్కడా వడ్డించేవాడు ఒకడున్నాడు. ఒకప్పుడు ప్రభుత్వం వడ్డించింది. తరువాత సబ్బులు, టూత్‌పేస్టులు అమ్మే కంపెనీలు వడ్డించాయి. ఇప్పుడు పట్టణాల్లోని నగల దుకాణాలు, బట్టల షాపులు, కాలేజీలు వడ్డిస్తున్నాయి. ఎవరు వడ్డిస్తే వారి రుచి విస్తట్లో కనిపిస్తుంది. మన గోదావరి జిల్లాలకు వ్యాపార రేడియో ఎలా వచ్చిందో, అది ఏమి వినిపించిందో, కడబంతిలో ఉన్నవారికి ఏమి మిగిల్చిందో ఒకసారి చూద్దాం.

లైసెన్సు కట్టి విన్న రోజులు

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. కృష్ణా, గోదావరి జిల్లాల ఇళ్లలో రేడియో అంటే ఎక్కువగా ఈ కేంద్రమే. బాలాంత్రపు రజనీకాంతరావుగారి సంగీతం, ఉషశ్రీగారి పురాణ ప్రవచనాలు, నాటకాలు, రైతుల కార్యక్రమాలు, వార్తలు ఇక్కడి నుండే వచ్చేవి. మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చే ఈ కేంద్రానికీ అంతర్వేదికీ మధ్య, నేరుగా గీత గీస్తే, సుమారు 115 కిలోమీటర్ల దూరం ఉంది. మీడియం వేవ్ నేలను, నీటిని అంటిపెట్టుకొని దూరం పోయే తరంగం కాబట్టి, తీరంలోని పాకలోనూ బోటు మీదా కూడా చిన్న ట్రాన్సిస్టర్ పలికేది.

అప్పట్లో రేడియో కొన్నవారు ఏటేటా పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు రుసుము కట్టాలి. 1980 దశకం మధ్యలో ఆ పద్ధతిని తీసేశారు. అంటే ఆ రోజుల్లో రేడియో ఖర్చులో కొంత భాగం వినేవారే నేరుగా భరించారన్నమాట. డబ్బు కట్టించుకున్న ప్రభుత్వమే ఏది వినాలో కూడా నిర్ణయించింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

కొలంబో నుండి వచ్చిన పాట

1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌గారికి సినిమా పాటలంటే గిట్టేది కాదు. జనం అభిరుచి చెడిపోతుందని, శాస్త్రీయ సంగీతమే వినిపించాలని ఆయన పట్టుబట్టారు. ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు వినిపించకుండా పోయింది. కాని పాట మీద ప్రేమ ఉత్తర్వులతో పోతుందా? జనం రేడియో ముల్లు కొలంబో వైపు తిప్పుకున్నారు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల కోసం సింహళంలో ఒక శక్తిగల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్‌ను నెలకొల్పారు. యుద్ధం ముగిశాక అది రేడియో సిలోన్ చేతికి వచ్చింది. 1950 నుండి వారు వ్యాపార ప్రసారాలు మొదలుపెట్టారు. 1952 డిసెంబరులో ఒక టూత్‌పేస్టు కంపెనీ ఖర్చుతో అమీన్ సయానీ నడిపిన "బినాకా గీత్‌మాలా" మొదలై దేశమంతటినీ ఊపేసింది. హిందీతోపాటు తెలుగు పాటలూ కొలంబో నుండి వచ్చేవి. మీనాక్షి పొన్నుదురైగారి గొంతు తెలిసిన పెద్దవారు మన పాఠకులలో నేటికీ ఉండే ఉంటారు. పరాయి దేశపు కేంద్రం నుండి ఒకామె మన భాషలో పలకరించి, మనం కోరిన పాట వేస్తుంటే, విజయవాడకన్నా కొలంబోయే దగ్గరగా అనిపించిన రోజులవి.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటుంది. వ్యాపార రేడియో మన మధ్యకు దొంగదారిన రాలేదు. మన ఇష్టాన్ని పెద్దలు లెక్కచేయనప్పుడు దానిని లెక్కచేసినవారుగా వచ్చింది. అందుకే జనం దానిని అంతగా ఆదరించారు. వినేవాడి మనసు తెలుసుకోవడం వ్యాపారి గుణం. దానిని తప్పుపట్టవలసిన పని లేదు.

ప్రకటనలు మన గుమ్మంలోకి

పోయిన శ్రోతలను తిరిగి రాబట్టడానికి ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధ భారతిని ప్రారంభించింది. పదేళ్లు గడిచాక, 1967 నవంబరు 1న బొంబాయి, పూనా, నాగపూర్‌లలో వివిధ భారతి మీద వ్యాపార ప్రకటనలు మొదలయ్యాయి. తరువాత హైదరాబాదు, విజయవాడలలోనూ వాణిజ్య ప్రసార విభాగాలు వచ్చాయి. మన ప్రాంతపు మొదటి వ్యాపార రేడియో ఇదే. ప్రభుత్వానిదే అయినా, దాని రాబడి ప్రకటనలది.

ఆ కార్యక్రమాలు ఎలా ఉండేవో చాలామందికి గుర్తే. పోస్టుకార్డు మీద పాట కోరి, కింద ఇంటిల్లిపాది పేర్లూ రాసి పంపేవారు. ఎనౌన్సరు ఆ పేర్లన్నీ ఊరితో సహా ఓపికగా చదివేవారు. కార్డు ఖర్చు కొన్ని పైసలే. అమలాపురం అయినా, రాజోలు అయినా, పల్లిపాలెం అయినా ఆ జాబితాలో ఒకే వరుసలో వచ్చేవి. రెండున్నర గంటల సినిమాను గంటకు కుదించి మాటలు, పాటలు వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం వచ్చే వేళకు ఇరుగుపొరుగు కూడా వచ్చి అరుగు మీద కూర్చునేవారు. సినిమా హాలుకు వెళ్లే స్తోమత లేని ఇంట్లో అదే సినిమా. నడుమ నడుమ వచ్చే సబ్బు పాటలు, తలనొప్పి మాత్రల పాటలు పిల్లలకు పాఠాలకన్నా ముందు వచ్చేసేవి!

ఆ ప్రకటనలకు కొన్ని కట్టుబాట్లుండేవి. సిగరెట్లకు, సారాయికి చోటు లేదు. రాజకీయ పార్టీలకు, మత ప్రచారానికి కూడా సమయం అమ్మేవారు కారు. అందువల్లనే తెలుగు క్రైస్తవ కార్యక్రమాలు మన దేశపు ట్రాన్స్‌మిటర్ల మీద కాక బయటి నుండి రావలసి వచ్చింది. ఫీబా రేడియో హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల నుండి 1970లో ప్రసారాలు మొదలుపెట్టి 2003లో ముగించింది. ట్రాన్స్ వరల్డ్ రేడియో శ్రీలంకలోని పుత్తలం నుండి 1970 దశకం చివరలో ప్రారంభించింది. వీటి ఖర్చును భరించింది ప్రకటనలు కాదు, విశ్వాసుల కానుకలు. ఎవరు వడ్డిస్తారన్న ప్రశ్న మన ఇళ్లకు కొత్తది కాదని చెప్పడానికే ఈ సంగతి ఇక్కడ ప్రస్తావించాను.

గాలి ఎవరి సొత్తు?

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర ప్రభుత్వానికీ మధ్య మ్యాచ్‌ల ప్రసారం గురించి వచ్చిన వివాదం అది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని, ప్రజల మేలుకోసమే వాటిని వాడాలని కోర్టు చెప్పింది. అవి ప్రభుత్వం ఒక్కదాని గుత్తసొత్తు కావు. అలాగని డబ్బున్నవాడు ఇష్టమొచ్చినట్లు వాడుకునేవీ కావు.

ఆ తరువాత ప్రభుత్వం ప్రైవేటువారికి ఎఫ్.ఎం. లైసెన్సులను వేలం వేసింది. 2001 జూలైలో బెంగుళూరులో రేడియో సిటీ మొదటి ప్రైవేటు కేంద్రంగా పలికింది. 2005లో కొత్త విధానం వచ్చి, 2006లో జరిగిన రెండవ విడత వేలంలో చిన్న నగరాలకూ అవకాశం దొరికింది. అలా రాజమండ్రికి సన్ గ్రూపువారి ఎస్ ఎఫ్.ఎం. వచ్చింది. అదే తరువాత రెడ్ ఎఫ్.ఎం. 93.5 అయింది. గోదావరి గట్టున ప్రైవేటు వ్యాపార రేడియో కథ అక్కడ మొదలైంది.

ఎఫ్.ఎం. కేంద్రం వంట ఎలా వండుతారో చూడండి. గంటలో ఎక్కువ భాగం సినిమా పాటలు. వాటి మధ్య చలాకీగా మాట్లాడే రేడియో జాకీ. ఉదయం పనికి వెళ్లేవారికి హుషారు పాటలు, మధ్యాహ్నం ఇంట్లో ఉన్నవారికి కబుర్లు, రాత్రి పాత మధుర గీతాలు. ఫోన్లు, పందేలు, చిన్న బహుమతులు. వీటి నడుమ పది సెకన్ల లెక్కన అమ్మే ప్రకటనలు. పాటలకు సంగీతపు కంపెనీలకు రాయల్టీ కట్టాలి. రాబడిలో నూటికి 4 వంతులు ప్రభుత్వానికి కట్టాలి. జీతాలు, కరెంటు బిల్లు వేరు. ఇవన్నీ ప్రకటనల నుండే రావాలి.

కాబట్టి జాకీ మాట ఎవరి కోసం? వినేవారందరి కోసమే అనిపించినా, ప్రకటన ఇచ్చేవాడు అడిగేది కొనేవారు ఎందరని. రాజమండ్రిలో చీరల షాపు ఇచ్చే ప్రకటన రాజమండ్రికి వచ్చి చీర కొనగలిగినవారి కోసం. అంతర్వేది పల్లిపాలెంలో వల బాగుచేసుకునే మనిషి ఆ లెక్కలోకి రాడు. అతడి మీద ఎవరికీ కోపం లేదు. అతడు వారి లెక్కకు అందడు, అంతే.

తరంగం కూడా అతడికి సరిగా అందదు. ఎఫ్.ఎం. తరంగం టార్చిలైటు వెలుతురులాగా తిన్నగా పోతుంది, భూమి వంపుతోపాటు వంగి దూరం పోలేదు. అందుకే చిన్న నగరపు కేంద్రం చుట్టుపక్కల నలభై, యాభై కిలోమీటర్ల దాకా బాగా వినిపిస్తుంది. రాజమండ్రి నుండి అంతర్వేదికి నేరుగా చూస్తే సుమారు 75 కిలోమీటర్లు. కడబంతిదాకా వచ్చేసరికి గిన్నెలో అడుగంటినదే మిగులుతుంది.

తుఫాను రాత్రి వినవలసిన మాట

పాట అందకపోతే ప్రాణం పోదు. మరి కబురు అందకపోతే?

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలాదిమంది ఒక్క రాత్రిలో కొట్టుకుపోయారు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటి కోనసీమను నేలమట్టం చేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లి తిరిగిరానివారు ఎందరో. తరతరాలు కూర్చుని తిన్న కొబ్బరి తోటలు ఒక్క పూటలో పడిపోయాయి. 2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గరలో తీరం దాటాయి. నరసాపురం అంటే అంతర్వేదికి ఏటికి అవతలి ఊరే. పంటు ఎక్కితే చేరే దూరం.

ఇటువంటి రాత్రి ముందుగా పోయేది కరెంటు, ఆ వెనుకనే సెల్‌ఫోను టవర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు అంత పెద్ద నగరంలోనే రోజులతరబడి ఫోన్లు పలకలేదు. అప్పుడు రెండు బ్యాటరీలతో పలికే పది అంగుళాల పెట్టె విలువ తెలుస్తుంది. రేడియోకు తీగ అక్కర్లేదు, రీచార్జి అక్కర్లేదు. ఒక్క గొంతు ఒకేసారి లక్షమందికి వినిపిస్తుంది. "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అన్న ఒక్క వాక్యం ఆకాశవాణిలో విని వల పడవలోనే వదిలి ఇంటికి తిరిగివచ్చినవారు ఈ తీరంలో ఎందరో ఉన్నారు. ఆ వాక్యానికి ఏ కంపెనీ డబ్బు ఇవ్వలేదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు వార్తలు చెప్పరాదు కదా, తుఫాను కబురు ఎలా చెబుతాయని కొందరు అడుగుతారు. సొంతంగా వార్తలు చెప్పరాదన్నది నిజమే. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్లు తిరిగి వినిపించడానికి 2011 విధానం అనుమతించింది. వాతావరణం, ట్రాఫిక్, పరీక్షా ఫలితాలు, ఉద్యోగ ప్రకటనలు, ప్రకృతి వైపరీత్యాలపై స్థానిక అధికారులు ఇచ్చే హెచ్చరికలు అసలు వార్తల కిందికే రావని అదే విధానం చెప్పింది. అంటే చట్టం నోరు కట్టలేదు. చెప్పాలన్న మనసు, చెప్పించే ఒత్తిడి ఉండాలి.

మరొక చిక్కు మన చేతుల్లోనే ఉంది. ఇప్పుడు చాలా ఇళ్లలో విడిగా రేడియో లేదు. ఫోనులో ఉందిలే అనుకుంటాం. కొత్త ఫోన్లు కొన్నింటిలో ఎఫ్.ఎం. రిసీవరు తీసేస్తున్నారు. ఉంటే ఇంటర్నెట్ ద్వారా వచ్చే రేడియోనే ఉంటుంది. టవరు పడిపోతే అది మూగబోతుంది. విపత్తు వేళ పనికి వస్తుందని, ఫోన్లలో ఎఫ్.ఎం. సదుపాయాన్ని తీసివేయవద్దని కేంద్ర ప్రభుత్వం 2023లో తయారీదారులకు సూచించింది.

కొత్తగా రాబోయేవారిని ఏమడగాలి?

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం మరో 234 పట్టణాలలో 730 ఎఫ్.ఎం. చానళ్లను వేలం వేయడానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో మన కాకినాడ, భీమవరం కూడా ఉన్నాయి. భీమవరం నుండి అంతర్వేదికి నేరుగా సుమారు 32 కిలోమీటర్లే. అక్కడ కేంద్రం వస్తే దాని పాట కడబంతిదాకా నిక్షేపంగా వినిపిస్తుంది. ఇంతవరకు రాజమండ్రి వైపు చెవి రిక్కించినవారికి ఇది మంచి వార్తే.

మరి పాటతోపాటు ఇంకేమి రావాలి? దీనికి మన పొరుగునే నమూనాలు ఉన్నాయి. సంగారెడ్డి జిల్లా మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు 2008లో సంగం రేడియోను ప్రారంభించారు. మైకు ముందు కూర్చున్నదీ, రికార్డింగు చేసినదీ ఆ ఊరి స్త్రీలే. విత్తనాలు, వైద్యం, పాటలు అన్నీ వారి మాటలోనే వినిపించాయి. తమిళనాడులో రామేశ్వరం పక్కన పాంబన్‌లో మత్స్యకారుల కోసమే 2016లో "కడల్ ఓసై" అనే కేంద్రం మొదలైంది. సముద్రపు అలల ఎత్తు, గాలి వేగం, చేపల సంగతులు దాని రోజువారీ భోజనం. ఇవి వ్యాపార కేంద్రాలు కావు, సామాజిక రేడియోలు. వీటి ప్రసారం పది, పదిహేను కిలోమీటర్లే పోతుంది. కాని ఒక ఊరికి ఏమి కావాలో ఆ ఊరిని అడిగి వండటం ఎలాగో ఇవి చూపించాయి.

వ్యాపార కేంద్రం అంతా మానుకొని ఇదే చేయాలని ఎవరూ అనరు. పాటలు ఉండాలి, నవ్వు ఉండాలి, ప్రకటనలూ ఉండాలి. ప్రకటనలు లేకపోతే కేంద్రమే ఉండదు. అడగవలసినది కొంచెమే. రోజుకు రెండుసార్లు, తెల్లవారుజామున బోట్లు కదిలే ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, సముద్రపు వాతావరణం చెప్పమనాలి. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, చేపలు దొరికే చోట్ల వివరాలు ఉచితంగానే ఇస్తున్నది. చదివి వినిపించడానికి రెండు నిమిషాలు చాలు. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న 61 రోజులలో, ఆ కుటుంబాలకు రావలసిన భృతి గురించి, దరఖాస్తుల గురించి చెప్పమనాలి. తుఫాను రాత్రి రికార్డు చేసిన పాటలను కంప్యూటరుకు అప్పగించి సిబ్బంది ఇంటికి పోకుండా, మైకు దగ్గర ఒక మనిషిని ఉంచమనాలి. ఆ రాత్రి వినవలసింది మనిషి గొంతు.

ఇవి దానంగా అడిగేవి కావు. గాలి ప్రజల సొత్తు అని దేశపు అత్యున్నత న్యాయస్థానమే చెప్పింది. మన సొత్తును అద్దెకు తీసుకున్నవారిని అడిగే న్యాయమైన అద్దె ఇది.

మనమూ చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఒక చిన్న ట్రాన్సిస్టర్‌ను, రెండు జతల బ్యాటరీలను ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి. ఏ కేంద్రం ముల్లు ఎక్కడ ఉంటుందో పిల్లల చేత తిప్పించి చూపించండి. పాటలు వింటున్నప్పుడు ప్రకటనల గురించి కూడా వారితో మాట్లాడండి. ఈ పాటకు డబ్బు ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అని అడిగితే పిల్లలు మనకన్నా చురుకుగా చెబుతారు. కొత్త కేంద్రం వచ్చినప్పుడు పాట కోరడానికి ఫోను చేసినవారు, అదే ఫోనులో సముద్రం సంగతి కూడా అడగండి. పది ఊళ్ల నుండి పదిమంది అడిగితే వారు వింటారు. శ్రోత ఏమి కోరుతున్నాడో వినడంతోనే కదా వ్యాపార రేడియో ఒకనాడు మన మనసు గెలుచుకుంది!